జీర్ణోద్ధారణ



ముప్పదియేడు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. భాషాప్రవీణ పట్టము తప్ప నాకు వేఱొక పట్టము లేదు. యంత్రములను గూర్చి మాటాడెదనన్నచో నా పాతశిష్యులు నవ్వుదురు. సైకిలు గొలుసు జాఱినయెడల నెక్కించుకొనుటయైన నాకు చేతకాదని వారెఱుగుదురు. పలుమాఱు వారే యెక్కించిరి. అయినను నేడు ఒక కారును గూర్చియు, దానిని బాగుచేసిన పిల్లవానిని గూర్చియు, ఆ పనిలో మా యింటివారందఱు పడిన పాట్లను గూర్చియు చెప్పదలచితిని. అందు నా తప్పొకటి కలదు. దానిని దాచినచో కథ యర్థము కాదు గనుక అదియు చెప్పెదను.

మా నాయనగారు ఎల్.ఎం.పి. వైద్యులు. తెనాలికి సమీపమున నున్న మా గ్రామములోనే నివసించి, చుట్టుపట్ల పది పండ్రెండు గ్రామములకు వైద్యము చేయుచుండిరి. మొదట సైకిలుమీద తిరిగిరి. 1965వ సంవత్సరమున మదరాసులో ఒక స్టాండర్డు హెరాల్డు కారును కొని, తామే నడుపుకొని యింటికి తెచ్చిరి. నా కప్పుడు అయిదేండ్లు. ఆ దినములలో మన దేశమున తయారగుచుండిన కార్లు ముఖ్యముగా మూడే: కలకత్తా చేరువ నుండి వచ్చు అంబాసిడరు, బొంబాయి ఫియటు, మదరాసు హెరాల్డు. మా హెరాల్డు లేతనీలపుది, రెండే తలుపులు. వెనుక కూర్చుండువారు ముందు సీటును వంచి, తలవంచి లోనికి దూరవలెను. రోగిని పండుకొనబెట్టి తెనాలి ఆసుపత్రికి చేర్చునప్పుడు మాత్రము ఆ రెండు తలుపులు మిక్కిలి యిబ్బంది పెట్టెడివని నాయనగారు విసుగుకొనెడివారు.

ఈ కారు పుట్టుక ఇంగ్లండులో. 1959లో ట్రయంఫు హెరాల్డు అను పేర అక్కడ వెలువడినది. దాని రూపమును దిద్దినవాడు ఇటలీదేశీయుడైన మికెలొట్టి. 1961 నుండి మదరాసులోని స్టాండర్డు కంపెనీవారు మన దేశమున చేయసాగిరి. ఇంజను నాలుగు సిలిండర్లది, 948 సి.సి. దీనియందు రెండు విశేషములు కలవు. మొదటిది, ముందరి బానెట్టు ఇరుప్రక్కల మడ్గార్డులతో సహా ఒక్కటిగా ముందునకు వాలిపోవును. యంత్రమంతయు బయటపడును, ముందు చక్రముమీద కూర్చుండి పని చేసికొనవచ్చును. రెండవది, ముందు చక్రములు మిక్కిలి వంగును. 25 అడుగుల వెడల్పు స్థలము చాలును, కారు గుండ్రముగా తిరిగి వచ్చును. మా వీథి రామాలయముతో ముగిసిపోవును. అచ్చట తక్కిన బండ్లు వెనుకకును ముందునకును నాలుగుసారులు జరుగవలసియుండగా, మా నాయనగారు ఒక్క త్రిప్పున త్రిప్పుకొని వచ్చెడివారు. అది చూచుటకు పిల్లలము గుడి అరుగుపై కూర్చుండెడివారము.

1988లో నాయనగారు కాలము చేసిరి. మే మిరువురము అన్నదమ్ములము. నన్ను వైద్యుని చేయవలెనని వారి కోరిక. నేను శబ్దమంజరి పట్టుకొంటిని. తమ్మునికి యంత్రములన్న ప్రాణము. నాయనగారు కారు క్రింద దూరినచో వాడును దూరెడివాడు. పంపకములలో పొలము వానికి కొంత యెక్కువ పోయినది. ఇల్లును, దానితోబాటు పశువుల పాకలోని కారును నా వంతునకు వచ్చినవి. ‘అన్నయ్యా, కారు నాకియ్యి, ఖరీదు కట్టి యిస్తాను’ అని వాడు అడిగెను. నేనీయలేదు. ఏల యీయలేదని మీరడిగినచో చెప్పుటకు నాకొక కారణము లేదు. నాకు నడుపుట రాదు. నేర్చుకొను తలంపును లేదు. పెద్దలు వ్రాసిన కాగితములో నా వంతని యున్నది, అంతే. మాటకు మాట పెరిగెను. వాడు గుంటూరులో విద్యుచ్ఛాఖ యుద్యోగము చేసికొనుచు, పెండ్లిళ్లకును తద్దినములకును తప్ప మా గడప త్రొక్కలేదు. తద్దినమునాడు వచ్చి, భోజనము చేసి, పాకవైపు చూడక వెళ్లెడివాడు. నేనును ఆ వైపు చూచెడివాడను కాను. ఇట్లు ముప్పదినాలుగేండ్లు ఆ కారు కొబ్బరిమట్టల క్రింద పడియుండెను. నేను వాడుకొనలేదు, వాడువానికి ఇయ్యలేదు.

2022 వేసవిలో ఇల్లు మరమ్మతు చేయించుటకై పాక తీసివేయవలసివచ్చెను. పాతయినుము కొనువానితో బేరము కుదిరినది. పదునెనిమిదివేల రూపాయలు, ఎత్తుకొని పోవుట యతని పూచీ, సోమవారము వచ్చునట్లు మాట. శనివారమునాడు మా అమ్మాయియు అల్లుడును పిల్లలతో తెనాలినుండి వచ్చిరి. మనుమనికి పదునైదేండ్లు. పదవతరగతి పరీక్షలు అప్పుడే వ్రాసియుండెను. వానికి తెలుగులో నెన్ని మార్కులు రాగలవో నాకు ముందే తెలియును గనుక ఆ ప్రసక్తి తేలేదు. వాడు పాకలోనికి పోయి భోజనమునకు రాలేదు. వెళ్లి చూతునుగదా, కారు క్రింద వెల్లకిల పండుకొని టార్చిదీపముతో చూచుచున్నాడు.

‘తాతయ్యా, చాసిస్ బాగానే ఉంది. దీన్ని అమ్మవద్దు’ అనెను. వాని మాటను వాని మాటగానే చెప్పుచున్నాను.

‘నడవని కారు నీకెందుకురా?’ అంటిని.

‘నడిపిస్తాను.’

మా అల్లుడు బ్యాంకు ఉద్యోగి, నెమ్మదిపరుడు. ‘మామయ్యగారూ, ఆ పదునెనిమిదివేలు నేనిస్తాను. రెండు వేసవులు వాణ్ణి ప్రయత్నించనివ్వండి’ అనెను. డబ్బు నేను పుచ్చుకొనలేదు, సరేయంటిని. ఒప్పుకొననిది అమ్మాయి. ఇంటర్మీడియటు చదువవలసిన పిల్లవాడు తుప్పునందును నూనెయందును పొర్లుట దానికి సుతరాము ఇష్టము లేదు. కడకు, ఆదివారములును సెలవులును మాత్రమే పని, మార్కులు తగ్గినచో పాకకు తాళము అను షరతుమీద సమ్మతించెను. సోమవారము వచ్చిన వర్తకునకు కాఫీయిచ్చి పంపితిమి. పాపము, అతడు లారీ కట్టుకొని వచ్చియుండెను.

ఇట్టి కార్లను పిల్లలు వింటేజి కార్లందురు. నేను పదముల వెంటబడువాడను గనుక ఆ మాటను గూర్చి విచారించితిని. అది ద్రాక్షసారాయమును బట్టి వచ్చినది; ఏ యేటి పంటయో తెలుపును. ఇంగ్లండులోని యభిమానులు 1919 మొదలు 1930 వఱకు చేసిన కార్లకే ఆ పేరు చెల్లునందురు. ఆ లెక్కను మా హెరాల్డు పసిబిడ్డ. అయితే మన కేంద్రప్రభుత్వము 2021లో చేసిన నిబంధనల ప్రకారము, మొదట రిజిస్టరై 50 సంవత్సరములు దాటి, మౌలికస్వరూపము మాఱకయున్న వాహనము వింటేజి వాహనమే. యోగార్థముకంటె రూఢికే బలమెక్కువయని మేము తరగతులలో చెప్పుచుందుము. కనుక నే నా మాటతో తగవు పెట్టుకొనలేదు.

పని మొదలైనది. మొదట విప్పుట. ఇంగ్లండులో ఈ కారును రూపొందించునాటికి, దేహమును పోతపోసినట్లు ఒక్కటిగా చేసియిచ్చెడి కంపెనీ పోటీదారుల వశమైనదట. అందుచేత చట్రము వేఱుగను, మీది రేకు ఖండఖండములుగను చేసి, బోల్టులతో బిగించు పద్ధతి యవలంబించిరి. వారికి వచ్చిన యిబ్బంది అఱువదేండ్లకు మాకు మేలయ్యెను. అయితే ఏ బోల్టు ఏ రంధ్రములోనిదో మఱచినచో నంతయు వ్యర్థము. ఇచ్చట నాకొక పని దొరకెను. పుస్తకములకు అనుక్రమణిక వ్రాయుట నాకు అలవాటు. పాత జవాబుపత్రములను చీటీలుగా కత్తిరించి, సంఖ్య వేసి, మనుమరాలి చేత ప్రతిభాగమునకును దారముతో కట్టించితిని. ఎనిమిదవతరగతి పిల్ల, చేతివ్రాత ముత్యములవలె నుండును. ఒక దళసరి ఖాతాపుస్తకములో నేను వివరములెక్కించితిని. మొత్తము 846 వస్తువులు తేలినవి. ఒక స్ప్రింగునకు కట్టిన చీటీలో ఎవడో శిష్యుడు చేసిన సంధివిగ్రహము సగము కనబడుచుండెను, తప్పు చేసినాడు.

ఇంజను బిగిసిపోయినది. పిస్టనులు సిలిండర్లను పట్టుకొని కదలవు. మనుమడు ప్లగ్గులు తీసి ఆ రంధ్రములలో కిరోసినును ఇంజను నూనెను కలిపి పోసి నానబెట్టెను. ప్రతి యాదివారము వచ్చి, పెద్దపానా వేసి త్రిప్పిచూచును, కదలదు, మఱల పోయును. నడుమ దినములలో పోయుట నా వంతు. సంధ్యవార్చుకొని, ఆ చేతితోనే నాలుగు రంధ్రములలో నాలుగు గరిటెలు పోసెడివాడను. మా యింటిది నవ్వెడిది. ఏడవ యాదివారమున వాడు పానాపై బరువు వేయగా ‘టక్’ మని చప్పుడైనది. విఱిగినదనుకొని మేమందఱము నిలువున నీరైతిమి. విఱుగలేదు, కదలినది. అంగుళము సగము. ఆ సాయంకాలము వాడు అన్నము తినుచు పానా పట్టుకొన్న చేతిని మాటిమాటికి చూచుకొనెను.

నేలరేకు తినివేయబడినది, కూర్చున్నచో నేల కనబడును. విజయవాడ ఆటోనగరులో టింకరింగు పనివారు క్రొత్తరేకు అదికి పెట్టిరి. సీట్లలో ఎలుకలు కాపురము చేసినవి. మా యింటిది కుట్టుమిషనుపై రెగ్జిను కుట్టుటకు ఆఱు సూదులు విఱుగగొట్టి, ఏడవసూదితో గెలిచినది. అమ్మాయి నెలలతరబడి పెదవి విప్పలేదు. ఒకనాడు వచ్చి, రంగు ఎంచువారెవరికిని కన్నులు లేవనియు, తాతగారి కారు ఇంత ముదురునీలము కాదనియు చెప్పి, తన చిన్ననాటి ఫొటో తీసి చూపెను. కారు ప్రక్కను నాయనగారు దానిని ఎత్తుకొని నిలిచియున్న ఫొటో. అది తెలుపునలుపుల ఫొటో! అందులో నీలమెట్లు తెలిసినదో నాకు తెలియదు. తరువాత డ్యాషుబోర్డు వెనుక ఎండ తగులని చోట పాతరంగు దొరకినది. అమ్మాయి చెప్పినదే నిజము.

ఇంజనును ఆటోనగరునకే చేర్చితిమి. అచ్చట నొక వృద్ధ మేస్త్రి కలడు. చేతిపనిలో నేర్పరి, మాటలో ఉదారుడు. ఆయన ఇంజను చూచి, ‘పంతులుగారూ, దీని సామాను దొరకదు. కంపెనీయే మూతపడి ఎన్నో ఏళ్ళయింది. మారుతీ వ్యాను ఇంజను పెడతాను. వారంలో తిరుగుతుంది. ఖర్చూ తక్కువే’ అనెను. పిల్లవాని ముఖము వికసించినది. ఏడాది కష్టపడినవాడు, వారములో తిరుగునన్న ఎవనికి ఆశ పుట్టదు? అల్లుడును సరేయనబోయెను. నేను వలదంటిని.

ఎందుకు వలదంటినో ఆ రాత్రి వానికి చెప్పవలసివచ్చెను. నాకు తెలిసిన మాటలతోనే చెప్పితిని. పూర్వము బ్రౌను దొర తాళపత్రప్రతులను తెప్పించి, పండితులను కూర్చి, ప్రతికి ప్రతి సరిచూపించి పాఠములను నిర్ణయింపజేసెను గదా. చెదలు తిన్నచోట అక్షరము పోవును. పరిష్కర్త రెండు మార్గములు పట్టవచ్చును. ఇతరప్రతులలో ఆ యక్షరమును వెదకుట యొకటి. తానే యొక పద్యము కట్టి అతికించుట రెండవది. రెండవది సులువు. ఒక్కొక్కప్పుడు కవి పద్యముకంటె చక్కగానే యుండును. కాని అది ప్రక్షిప్తము. వాడు విని, ‘అయితే ఇంకో ప్రతి ఎక్కడుంది?’ అని అడిగెను. శిష్యులలో ముప్పదియేడేండ్లు నేనెదురుచూచిన ప్రశ్న యది. ఇంతకు, సర్కారు నిబంధనయు నా పక్షముననే యున్నది: ఇంజనును మార్చిన బండిని వింటేజి వాహనముగా నమోదు చేయరు. మాటకు ఒప్పుకొనెనో నిబంధనకు ఒప్పుకొనెనో నేను తరచి యడుగలేదు. దసరా సెలవులలో తండ్రియు కొడుకును చెన్నై పోయి, పుదుపేటలోని పాతసామాను అంగళ్లలో మూడుదినములు తిరిగి, పిస్టను రింగులు, నీళ్లపంపు, కార్బురేటరు ఒక సంచిలో మూటగట్టుకొని వచ్చిరి. సిలిండర్లు రీబోరు చేసి పెట్టినది ఆ వృద్ధ మేస్త్రియే. కోపగించుకొనలేదు.

ఇక నా తప్పుదగ్గఱకు వచ్చితిమి. పూర్వమే రిజిస్టరైన బండికి పాతసంఖ్యయే నిలుపుకొనుటకు వీలున్నది. క్రొత్తగా రిజిస్టరు చేయించినచో ‘వి.ఎ.’ అను అక్షరములతో వేఱుసంఖ్య వచ్చును. పాతసంఖ్య కావలెనన్నచో పాత ఆర్.సి. పుస్తకము చూపవలెను. నాయనగారి కాగితముల పెట్టె పంపకములనాడు తమ్మునికి పోయినది. ఈ సంగతి నేను ఇంట చెప్పి, ‘క్రొత్తసంఖ్యయే మేలు’ అంటిని. మనుమడు నా ముఖము చూచి యూరకుండెను. మఱునాడు నాకు చెప్పకయే గుంటూరునకు ఫోను చేసెను.

2023 సంక్రాంతి దాటిన యాదివారము తమ్ముడు బస్సు దిగి వచ్చెను. చేత నొక గుడ్డసంచి. నాతో ‘బాగున్నావా’ అని, నేరుగా పాకవైపు నడచెను. అప్పటికి కారు చట్రముమాత్రమై, చక్రములు లేక, ఇటుకలమీద నున్నది. వాడు చుట్టును ఒక ప్రదక్షిణము చేసి, మనుమనితో, ‘ఎవరు విప్పారురా?’ అనెను. ‘నేనే, చిన్న తాతయ్యా.’ ‘బోల్టులు?’ పిల్లవాడు చీటీలు కట్టిన పెట్టెలు చూపెను. ఖాతాపుస్తకమును తిరుగవేసి, నా దస్తూరి పోల్చుకొని, ఏమియు ననక మూసెను. సంచిలోనుండి ఆర్.సి. పుస్తకమును, దానితోబాటు కారుతో కంపెనీవారిచ్చిన ఇంగ్లీషు చేపుస్తకమును తీసి వానిచేత పెట్టెను. ముప్పదినాలుగేండ్లు వాడవి గుడ్డలో చుట్టి దాచియుంచెను.

ఆ చేపుస్తకమే మమ్ము కాపాడినది. హెరాల్డు ముందుచక్రము మరలుటకు క్రిందిభాగమున ట్రనియను అను నొక కంచుకీలు కలదు; ఉక్కుకడ్డీ మరచుట్లతో దానిలో తిరుగును. కీళ్లన్నింటికి గ్రీజు కొట్టుట వర్క్‌షాపులలో వాడుక. మేమును కొట్టించియుంటిమి. పుస్తకము చదువుచు ఆ పుటకు వచ్చినప్పుడు, గేరుపెట్టెలో పోసెడి చిక్కనినూనెయే యిందు వాడవలెనని యున్నది. అంచున నాయనగారి దస్తూరితో, ఎఱ్ఱసిరాతో, ‘నూనె. గ్రీజు కాదు. మఱవరాదు’ అని యున్నది. గ్రీజు కొట్టినచో లోపల గట్టిపడి చేరవలసినచోటికి చేరదు. నీరు నిలిచి ఉక్కుకు తుప్పు పట్టును. ఒకనాడు మలుపులో కడ్డీ విఱిగి చక్రము మడతపడును. తమ్ముడు విప్పించి చూచెను. కుడివైపు కడ్డీ మరచుట్లలో సగము తినివేయబడియున్నది. మా మనుమడు దానిని చేత పట్టుకొని చాలసేపు కూర్చుండెను. అది మాఱువఱకు అమ్మాయికి ఆ సంగతి చెప్పవలదని నలుగురము ఒట్టు పెట్టుకొంటిమి. ఈ ప్రసంగమువలన నది నేడు తెలియును, నన్ను క్షమించునుగాక.

అది మొదలు తమ్ముడు ప్రతి యాదివారము వచ్చెను. ఎలుకలు కొఱికిన తీగెలన్నియు తీసి క్రొత్తవి కూర్చుట వాని పని. బ్యాటరీనుండి వచ్చునది కపిలవర్ణము, ఇగ్నిషనుది తెలుపు, పెద్దదీపములది నీలము, భూమికి కలుపునది నలుపు. రంగును బట్టియే పని తెలియునని మనుమరాలికి నేర్పి, దానిచే పటము గీయించెను. నేను దీపము పట్టుకొనెడివాడను. ఒకనాటి సాయంకాలము పిల్లలు లోనికి పోయిరి. వాడు డ్యాషుబోర్డు క్రింద తల దూర్చి, నా వైపు చూడకయే, ‘నువ్వు దీన్ని వాడుకొని ఉంటే నాకు బాధ లేకపోయేది అన్నయ్యా’ అనెను. సమాధానములు పెక్కు తోచినవి. ఒక్కటియు నిజము కాదు. ‘తప్పు నాదేరా’ అంటిని. ‘దీపం కొంచెం ఇటు’ అనెను వాడు.

2024 మార్చిలో ఇంజను పలికినది. మొదటిసారి కాదు, పదవసారియో పదునొకండవసారియో. వేగమును చూపు ముల్లు నేటికిని కదలదు. ఎడమతలుపు గట్టిగా లాగినగాని పడదు. ఖర్చు లక్షయెనుబదివేలు దాటినది. లెక్క ఖాతాలో నున్నది. మనుమని ఇంటర్మీడియటు మార్కులు తగ్గలేదు, పెరుగనులేదు. కాగితముల వ్యవహారము ముగిసి, నాయనగారినాటి సంఖ్యయే నిలిచినది. ఈ బండిని నిత్యప్రయాణములకు వాడరాదని నిబంధన. ఆ భయము మాకు లేదు.

తొలిసారి వీథిలోనికి తీసిననాడు మనుమనికి పదునేడేండ్లు. లైసెన్సునకు పదునెనిమిది నిండవలెను. తాళపుచెవి వాడు చిన్నతాత చేతికిచ్చి, తాను ప్రక్క సీటులో కూర్చుండెను. నేను ముందుసీటు వంచి, తలవంచి, వెనుకకు దూరితిని. మోకాళ్లు గడ్డమునకు తగిలినవి. కారు వీథి కొసకు పోయినది. రామాలయమునకు ఇటీవల సిమెంటు అరుగు పెంచిరి. అడుగున్నర చోటు తగ్గినది. తమ్ముడు ఆపి, అరుగు చూచి, వెనుకకు గేరు వేయబోయెను. ‘తిరుగుతుంది, చిన్న తాతయ్యా’ అని మనుమడనెను. వాడు చక్రము తుదివఱకు త్రిప్పెను. అరుగుమీద పిల్లలు కాళ్లు పైకెత్తుకొనిరి. జానెడు సందుతో కారు తిరిగివచ్చినది.

తెనాలి రోడ్డెక్కిన తరువాత, పూర్వము వెనుక కూర్చున్న మమ్ము నాయనగారు అడిగినట్లే, తమ్ముడు తల త్రిప్పకయే, ‘గాలి వస్తోందా?’ అని అడిగెను.

వచ్చుచున్నదంటిని.